వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు

సంక్రాంతి సకినాలు డబ్బాలో అడుగంటే వేళకు మా వాళ్ళకు కాళ్ళు నిలవవు. పరేలు, వర్లీ, భీవండీలలో స్థిరపడిన మా నేతపని కుటుంబాల వాళ్ళం ఏడాదికొకసారి ఎక్కడికైనా కలిసి నడిచి రావడం ఆచారంగా పెట్టుకున్నాము. కొండ ఎక్కాలని పిల్లలు, గుడి చూడాలని ఆడవారు, బస్సు దిగిన చోటనే చాప పరుచుకోవాలని నావంటి వారు, ఇలా మాలో ఎప్పుడూ మూడు పక్షాలు. గత ఫిబ్రవరి చివరి శని, ఆదివారాలకు మూడు పక్షాలకూ సరిపడే దారి ఒకటి దొరికింది. తాన్సా నది ఒడ్డున ఉన్న వజ్రేశ్వరి, అకలోలీ, గణేశపురి వేడినీటి బుగ్గలు చూసి, రాత్రి అక్కడే పడుకొని, మరునాడు అదే నదికి ఎగువన ఉన్న తాన్సా చెరువు అడవిలో నడిచి రావడం.

మొత్తం పంతొమ్మిది మందిమి తేలాము. అందులో ఏడుగురు స్త్రీలు, ముగ్గురు పిల్లలు. అందరిలోకి పెద్ద మా పెద్దమామ. ఆయనకు డెబ్బై ఎనిమిదో ఏడు. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యేనాటికి ఆయన పరేలులో మిల్లు కార్మికుడు. సమ్మె తరువాత ఆ పని మళ్ళీ చేతికి రాలేదు. భీవండీ చేరి, సాంచాల దగ్గర మరి ఇరవై ఏండ్లు నిలబడ్డారు. రోజుకు పన్నెండు గంటలు నిలబడిన మోకాళ్ళు ఇప్పుడు బాకీ వసూలు చేస్తున్నవి. "నువ్వు ఇంట్లనే ఉండు మామా" అని నేనంటే, "నేను రాకపోతే మీకు బుగ్గలు ఎవ్వడు చూపిస్తడు అల్లుడా?" అని చెప్పులు తొడుక్కున్నారు. మా అత్తమ్మ బ్రతికి ఉండగా ఏటా మాఘమాసంలో ఆ దంపతులు వజ్రేశ్వరికి పోయి వచ్చేవారు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. ఆ తరువాత ఆయన అటు వెళ్ళలేదు.

నేను మునిసిపల్ తెలుగు బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న వాణ్ణి కనుక, సామగ్రి జాబితా నా చేతిలో పెట్టారు. నలభై ఒక్క వస్తువులు రాసి, ఒక్కొక్క దానికీ ఎదురుగా గీత గీశాను. ఈ సంగతి పాఠకులు కాస్త జ్ఞాపకం పెట్టుకోవాలి.

భీవండీ నుంచి వజ్రేశ్వరి పాతిక కిలోమీటర్లకు లోపే. అంబాడి మీదుగా బస్సు వెళ్తుంది. ఊరి పాతపేరు వడవలి. చిన్న గుట్ట మీద కోటగోడ వంటి ప్రాకారంతో అమ్మవారి గుడి. యాభై రెండు మెట్లు. ఈ గుడికొక కథ ఉన్నది. పీష్వా బాజీరావు తమ్ముడు చిమాజీ అప్పా పోర్చుగీసువారి చేతిలోని వసయి కోటను ముట్టడించినప్పుడు, కోట చిక్కితే గుడి కట్టిస్తానని వజ్రేశ్వరికి మొక్కుకున్నాడట. 1739లో కోట చిక్కింది. మొక్కు చెల్లింది. కోట ఇప్పుడు శిథిలమై సముద్రపు గాలికి నిలిచి ఉన్నది. గుడిలో మాత్రం దీపం ఆరలేదు.

పెద్దమామ మెట్లెక్కలేదు. క్రిందనే నిలబడి చేతులు జోడించి, "అమ్మా, నువ్వే చూసుకో" అన్నారు. ఏమి చూసుకోమన్నారో మేమెవరమూ అడగలేదు.

అక్కడి నుంచి అసలు నడక. వజ్రేశ్వరి నుంచి అకలోలీకి, అకలోలీ నుంచి గణేశపురికి నది ఒడ్డునే దారి. అంతా కలిపి నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. ఫిబ్రవరి కనుక నదిలో నీరు చాలా తగ్గి, నల్లరాళ్ళ నడుమ పాయలు పాయలుగా పోతున్నది. విచిత్రమేమంటే, ఒక రాతి పక్కన చేయి పెడితే చల్లన, రెండడుగుల అవతల పెడితే చురుక్కుమంటుంది. నది గర్భంలోనే బుగ్గలు ఊరుతున్నవి. పిల్లలు ఇది కనిపెట్టాక వారిని ముందుకు నడిపించడం ఎవరి తరం కాలేదు.

అకలోలీలో రామేశ్వరాలయం దగ్గర కట్టించిన కుండాలు ఉన్నాయి. ఇవి చతురస్రపు రాతి తొట్లు. ఒక దానికీ మరొక దానికీ వేడిలో తేడా. మొత్తం మీద ఈ బుగ్గల వేడి సుమారు 40 డిగ్రీల నుంచి 55 డిగ్రీలు దాటేదాకా ఉంటుంది. ఎక్కువ వేడిది ఏదో తెలియక మా చిన్నతమ్ముడు ఠీవిగా కాలు పెట్టి, అంతకంటే ఠీవిగా వెనక్కి తీశాడు. పెద్దమామ నవ్వి, తనకు తెలిసిన తొట్టి దగ్గరకు పోయి, పంచె మోకాళ్ళ పైకి మడిచి, కాళ్ళు నీళ్ళలో వేలాడేసి కూర్చున్నారు. చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. భుజాన ఒక కొత్త షోలాపూర్ తువ్వాలు. మా వియ్యాలవారు షోలాపూర్ మగ్గాల మీద నేయించి పంపినది. తడుస్తుందని దాన్ని తీసి పక్కన పొడి రాతి మీద పెట్టుకున్నారు.

ఈ నీళ్ళు ఎందుకు కాగుతున్నవి? అమ్మవారు రాక్షసులను సంహరించినప్పుడు కారిన నెత్తురే ఇలా వేడిగా ఊరుతున్నదని స్థలపురాణం. మా పెద్దమామ మనుమరాలు ఠాణాలో కాలేజీలో సైన్సు చదువుతున్నది. ఆ పిల్ల మరొక కథ చెప్పింది. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రిందట ఈ ప్రాంతమంతా లావా పొరలు పొరలుగా పరచుకొని గట్టిపడి నల్లరాయి అయింది. ఆ రాతిలో నిలువునా పగుళ్ళున్నాయి. వానాకాలపు నీరు ఆ పగుళ్ళ వెంట లోతుకు దిగుతుంది. భూమిలో కిలోమీటరు దిగితే సుమారు 25, 30 డిగ్రీల వేడి హెచ్చుతుంది. అడుగున కాగిన నీరు రాతిలోని లవణాలను కరిగించుకొని, తేలికై, మరొక పగులు పట్టుకొని పైకి వస్తుంది. అందుకే నాలుకకు కాస్త ఉప్పగా తగులుతుంది. ఇప్పుడు ఇక్కడ అగ్నిపర్వతమేదీ రగలడం లేదు. ఉత్తరాన కోక్నేరె నుంచి దక్షిణాన రాజాపూర్ దాకా, కొంకణ తీరానికి సమాంతరంగా దాదాపు 350 కిలోమీటర్ల బారున, ఇటువంటి బుగ్గలున్న చోట్లు పద్ధెనిమిది దాకా ఉన్నాయట.

పెద్దమామ అంతా విని, "అంటే భూమి గూడ సైజింగు బాయిలరు లెక్కనే అన్నట్టు" అన్నారు. ఇంతకంటే బాగా నేను ముప్పై ఏళ్ళలో ఒక్క పాఠమూ చెప్పలేదు.

బుగ్గలో మునిగితే రోగాలు పోతాయని నేను రాయను. ఆ సాయంత్రం గణేశపురిలో ధర్మశాల మెట్లు దిగేటప్పుడు మాత్రం పెద్దమామ గోడ పట్టుకోలేదు.

గణేశపురిలో భీమేశ్వరాలయం ఎదుట మళ్ళీ కుండాలు. కేరళ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నిత్యానందస్వామి 1961 ఆగస్టు 8న సిద్ధి పొందినది ఈ ఊళ్ళోనే. ఇప్పుడు దేశదేశాల వారు వస్తారు. మేము వెళ్ళిన రాత్రి ఒక విదేశీయుడు మా సర్వపిండి రుచి చూసి, ఇది ఏ దేవుడి ప్రసాదమని అడిగాడు. మా వదిన తడుముకోకుండా "మార్కండేయుడిది" అన్నది. మా కులగురువు పేరు చెప్పింది కనుక అబద్ధమని అనలేము.

ఆదివారం తెల్లవారి రెండు జీపులు మాట్లాడుకొని తాన్సా వైపు బయలుదేరాము. గంటకు పైగా ప్రయాణం. అభయారణ్యంలో నడవడానికి అనుమతి ముందే తీసుకున్నాము. దారి చూపడానికి ఆ ప్రాంతపు మనిషి ఒకడు తోడు వచ్చాడు. టేకుచెట్లు ఆకులు రాల్చి నిలబడ్డవి. నడుస్తుంటే కాళ్ళ క్రింద అప్పడాలు విరిగినట్లు చప్పుడు. అక్కడక్కడా మోదుగ పూసి అడవికి నిప్పంటుకున్నట్లున్నది. ఇప్పచెట్లు, వెదురు పొదలు, నల్లమద్ది. ఈ అడవిలో ఒక చిన్న గుడ్లగూబ ఉన్నదట. 1884 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందని పండితులు అనుకొన్న ఆ జాతి 1997లో మహారాష్ట్రలోనే మళ్ళీ కనిపించింది. 2014లో ఈ తాన్సా అడవిలోనూ కనిపించింది. మాకు కనబడలేదు. పంతొమ్మిది మంది తెలుగువాళ్ళు మాట్లాడుకుంటూ వస్తుంటే ఏ గుడ్లగూబ బయటికి వస్తుంది?

ఒక మలుపు తిరిగేసరికి చెట్ల సందున నీలంగా చెరువు కనిపించింది. కట్ట మీదికి పోనివ్వరు కనుక దూరం నుంచే చూశాము. దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున రాతికట్ట. 1892లో పూర్తి అయింది. బొంబాయికి నీళ్ళిచ్చే చెరువులు ఏడు. విహార్ 1860 నాటిది, తులసి 1879 నాటిది. ఆ రెండూ నగరంలోనివే. అవి చాలక, సుమారు నూరు కిలోమీటర్ల దూరం వచ్చి ఈ తాన్సా కట్టారు. తరువాత 1957లో మోడక్ సాగర్, ఆ తరువాత ఎగువ వైతరణ, భాత్సా, 2014లో మధ్య వైతరణ. ఏడు చెరువులు నిండితే పట్టే నీటిలో తాన్సా వంతు పదోభాగం, అంటే సుమారు 14,500 కోట్ల లీటర్లు. ఈ నీటిని ఎవరూ తోడి పంపడం లేదు. నీరు పల్లమెరుగు అన్నట్లు, ఏటవాలుగా వేసిన గొట్టాలలో తనంతట తానే నగరానికి పోతుంది. ఆ గొట్టాలు చూడవలసినవే. మనిషి లోపల నిటారుగా నడిచిపోవచ్చు.

పెద్దమామ చెరువు వైపు చూస్తూ, "పుట్టిన కాణ్ణుంచి తాగిన. ఇయ్యాల మొఖం చూసిన" అన్నారు.

అప్పటికి పదకొండు దాటింది. ఎండ చురుక్కుమంటున్నది. పిల్లలు నీళ్ళడిగారు. నేను జీపు డ్రైవరును, జీపు డ్రైవరు నన్ను చూశాడు. ఇరవై లీటర్ల డబ్బాలు రెండూ గణేశపురి ధర్మశాల వరండాలో ఉండిపోయినవి. జాబితాలో వాటికెదురుగా గీత ఉన్నది. డబ్బాలే లేవు.

అందరి చేతి సీసాలూ కలిపితే మూడు లీటర్లు తేలింది. పిల్లలకూ పెద్దమామకూ పోశాము. జీపులు వెనక్కి పంపవచ్చు గాని, మేము అప్పటికే అడవిదారిన నాలుగు కిలోమీటర్లు లోపలికి వచ్చి ఉన్నాము. ఎదురుగా కనుచూపు మేర చెరువు. అక్కడికి దిగే హక్కు లేదు. మా వాళ్ళెవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. గంట గడిచేసరికి పెద్దమామ పెదవులు ఎండిపోయి, ఒక బండ మీద కూర్చుండిపోయారు. మనుమరాలు ఆయన తలకు తన చున్నీ కప్పింది. నా గుండె జారిపోయింది. మోకాళ్ళ ముసలివాణ్ణి అడవిలోకి తీసుకువచ్చి నీళ్ళు మరిచిపోయిన పెద్దమనిషిని నేను.

అప్పుడు క్రింది వాగువైపు నుంచి ఒక స్త్రీ వచ్చింది. తలమీద ఒకదానిపై ఒకటి రెండు హండాలు, చంకలో బిందె. వెనుక పదేళ్ళ కూతురు, దాని తలమీద చిన్న బిందె. మమ్మల్ని చూసి ఆగింది. మాలో ఎవరూ అడగనేలేదు. పెద్దమామ ముఖం చూసి, పై హండా దింపి, "పాణీ ప్యా, బాబా" అన్నది. నీళ్ళు తాగు తాతా అని.

ఆయన దోసిలి పట్టారు. తరువాత పిల్లలు, తరువాత ఆడవారు. సిగ్గుపడుతూనే మేమూ. పంతొమ్మిది మందిమి తాగేసరికి రెండు హండాలూ, చంకలోని బిందె కూడా ఖాళీ అయినవి. ఎక్కడి నీళ్ళమ్మా అని పెద్దమామ మరాఠీలో అడిగారు. వాగులో చెలమ ఉన్నదని, చైత్రం వస్తే అదీ ఎండుతుందని, అప్పుడు ఇంకా దూరం పోవాలని చెప్పింది. మీరెక్కడి వారని ఆమె అడిగింది. "ముంబయి" అన్నారాయన. ఆమె నవ్వి, చెరువు వైపు గడ్డం చూపి, "అయితే మీకు మా నీళ్ళు కొత్తేమీ కావు" అన్నది. ఎత్తిపొడుపు కాదది. చుట్టరికం చెప్పినట్లు చెప్పింది. అందుకే మరీ గుచ్చుకున్నది.

తాన్సా, భాత్సా రెండూ ఉన్న శహాపూర్ తాలూకాలోనే వేసవి వస్తే కొన్ని పాడాలకు ట్యాంకర్లతో నీళ్ళు తోలవలసి వస్తుందని పత్రికలలో నేను చదివినదే. కాగితం మీద చదివితే అది వార్త. మనం ఖాళీ చేసిన హండా ఎదుట ఉంటే వేరు.

మా కుర్రవాళ్ళు ముగ్గురూ, మనుమరాలూ లేచి, నీళ్ళు మేము తెస్తామని హండాలు పట్టుకొని ఆమె వెంట వాగుకు పోయారు. వెళ్ళి రావడానికి ముప్పావుగంట పట్టింది. మనుమరాలు ఒక హండా తలకెత్తుకొని వంద అడుగులు నడవలేక దింపిందట. కూతురుపిల్ల నవ్విందట. నలుగురూ తిరిగి వచ్చేటప్పుడు మాట్లాడుకోలేదు. సెల్‌ఫోనులో దారి కొలిచి చూసిన మనుమరాలు, పోనూ రానూ రెండు కిలోమీటర్లు దాటిందనీ, ఆమె రోజుకు మూడుసార్లు పోతుందనీ నాతో మెల్లగా చెప్పింది.

మా వదిన డబ్బు ఇవ్వబోయింది. ఆమె తీసుకోలేదు. సకినాలు మాత్రం కూతురికిమ్మన్నది. అప్పుడు పెద్దమామ లేచి, భుజాన ఉన్న ఆ కొత్త షోలాపూర్ తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టారు. "నేను సాలోణ్ణి బిడ్డా, నా దగ్గర ఉన్నది బట్టనే" అని తెలుగులోనే అన్నారు. ఆమెకు మాట తెలియదు, సంగతి తెలిసింది. తువ్వాలు నిమిరి చూసింది. దాచుకుంటుందనుకున్నాము. చటుక్కున మెలివేసి, చుట్టచుట్టి తలమీద పెట్టుకొని, దానిపై హండా ఎత్తుకున్నది. తలమీది పాత గుడ్డ తీసి కూతురికిచ్చింది.

"చుంబళ్!" అన్నది మనుమరాలు మరాఠీలో.

"చుట్టబట్ట" అన్నారు పెద్దమామ. "మీ నాయనమ్మ మా ఊర్ల బాయి కాడికి పోతే గిట్లనే పెట్టుకునేది."

మనుమరాలు ఆ మాట రెండుమూడు సార్లు తనలో తాను పలుకుకున్నది. తెలుగు అక్షరం చదవలేని పిల్ల. "సార్ మామా, అది ఎట్ల రాస్తరు?" అని నన్నడిగింది. జాబితా కాగితం వెనుక రాసి చూపించాను. ఆ కాగితం వల్ల కలిగిన ప్రయోజనం అదొక్కటే.

ఇల్లు చేరేసరికి రాత్రి పది. కాళ్ళు కడుక్కోవడానికి కుళాయి తిప్పాను. నీళ్ళు ఎప్పటివలెనే వచ్చినవి. నేను ఎప్పటివలె కడుక్కోలేకపోయాను. చెంబుతో పట్టుకొని కడుక్కున్నాను. చెంబు పొదుపుతో ఆ చెలమ నిండదని నాకు తెలుసు. వచ్చే చైత్రంలో ఆ పాడాకు ఏమి చేయవచ్చో, అక్కడివారినే అడిగి చేద్దామని మా వాళ్ళం అనుకున్నాము. అడగకుండా చేసే ఉపకారం చీరలు పంచడంతో ఆగిపోతుందని మా వదిన అన్నది. మొదటగా ఆ దారి తెలిసిన మనిషితో కబురు పంపాము.

పోదలచిన వారికి నాలుగు మాటలు. మాఘమాసం లోపల పొండి. ఆ తరువాత ఎండ ఆగదు. వానలలో నది పొంగితే బుగ్గలు మునుగుతాయి. గుండెజబ్బు, రక్తపుపోటు ఉన్నవారు వైద్యుణ్ణి అడగక కుండంలో దిగవద్దు. దిగినవారు కూడా పది నిముషాలకు మించి ఉండవద్దు. పిల్లలను ముందు చేయి పెట్టి చూడనిచ్చి తరువాత దింపండి. అభయారణ్యంలో అనుమతి లేనిదే అడుగు పెట్టవద్దు. అన్నిటికంటే ముఖ్యం నీళ్ళు. మనిషికి మూడు లీటర్లకు తక్కువ కాకుండా, దారిలో ఎదురయ్యే వారికి కూడా పోయగలిగినన్ని తీసుకుపొండి. డబ్బాలు ముందు బండిలో పెట్టండి. జాబితాలో గీత తరువాత గీయవచ్చు.